కొత్త కొలువులో కుదురుకుంటున్న బిడ్డకు

నల్లగొండ,
2025 ఆషాఢం

చిరంజీవి బిడ్డకు పెద్దనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి, మీ పెద్దమ్మకు కూడా వినిపించి, బాగా ఆలోచించాకే జవాబు రాస్తున్నాను. ఉద్యోగం మానేయాలా, పీహెచ్‌డీ ఆలోచన వదులుకోవాలా, పాపను అత్తగారి దగ్గర విడిచి రావడం తప్పా అని వేర్వేరుగా అడిగావు. వీటిలో దేనికీ ఇప్పుడే జవాబు తేల్చుకోవద్దన్నది నా మొదటి సలహా. 2024 అక్టోబరులో ప్రభుత్వ ఉపాధ్యాయురాలిగా నియామక పత్రం అందుకున్నప్పటి నుంచి నీవు హైదరాబాద్ ఎల్బీనగర్ నుంచి చందంపేట మండలంలోని తండాకు రోజూ అప్ అండ్ డౌన్ చేస్తున్నావు. చీకటితో లేచి ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా దేవరకొండ చేరి, అక్కడి నుంచి ఆటో పట్టుకుని బడికి పోయి, మళ్లీ అదే దారిలో రాత్రికి ఇల్లు చేరే మనిషికి తన కొలువు ఇష్టమో కాదో, తన చదువు ఎంత ముఖ్యమో తూచుకునే ఓపిక ఎక్కడ మిగులుతుంది? ఆ స్థితిలో మనసుకు తోచేవన్నీ అలసట చెప్పే మాటలే. ముందు ఆ ప్రయాణం ఆగాలి.

నా సర్వీసులో ఎంతోమంది కొత్త ఉపాధ్యాయులను చూశాను. తాండూరు, గద్వాల, అచ్చంపేట, దేవరకొండ ఎక్కడైనా సరే, పట్నంలో కాపురం పెట్టుకుని దూరపు బడికి రోజూ తిరిగినవారు రెండు చోట్లా అతిథులుగానే మిగిలిపోయారు. బడిలో గంట కొట్టకముందే బస్సు వేళ గుర్తుకొస్తుంది, ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. మండల కేంద్రంలోనో దగ్గరి పట్టణంలోనో ఇల్లు తీసుకున్నవారికి మొదటి కొన్ని నెలలు బెంగగా ఉన్నా, తరువాత సాయంత్రాలు తమవయ్యాయి. నీవు వెతుకుతున్న సమయం ఆ సాయంత్రాల్లోనే ఉంది. కాబట్టి దేవరకొండకు మకాం మార్చు. పాపను నీతో తెచ్చుకో.

ఈ మాట ఇంట్లో ఎట్లా చెప్పాలన్నది నీ బెంగ అని నాకు తెలుసు. అల్లుడిని, మీ అత్తగారిని ఒకేసారి కూర్చోబెట్టి మాట్లాడు, కానీ నిర్ణయం చేసుకొని వచ్చి తెలియజేస్తున్నట్టుగా మాట్లాడకు. మూడేళ్ల పాపను ఇంతకాలం కంటికి రెప్పలా చూసుకున్నది వియ్యపురాలు గారే. పాపను తీసుకుపోతానంటే ఆమెకు తన పెంపకంలో లోటు చూపినట్టు అనిపించవచ్చు. ఆమెను కూడా నెలలో కొన్ని రోజులు దేవరకొండకు రమ్మని నీవే ముందుగా అడుగు. అల్లుడి కంపెనీలో వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని చేసే వీలుందని రాశావు. ఆ రెండు రోజులను శని ఆదివారాలకు ముందో వెనుకో కలుపుకుంటే వారంలో సగానికి పైగా అందరూ ఒకే కప్పు కింద ఉంటారు. ఇప్పుడు మీరు ఒకే ఇంట్లో ఉంటూ కూడా అంతసేపు కలిసి గడపడం లేదు. అతనికి ఇందులో కష్టం ఉంది, దానిని చిన్నదిగా చేసి మాట్లాడవద్దు. తన పని నీ పని కన్నా తక్కువదని అతనికీ, నీ పని తన పని కన్నా తక్కువదని నీకూ అనిపించకుండా ఆ మాటలు సాగాలి. అది ఒక్క రోజులో తేలకపోతే బలవంతంగా తేల్చకు, మళ్లీ కూర్చోండి.

కోరుకున్న ఉద్యోగమే వచ్చినా ఏదో పోగొట్టుకున్నట్టుగా ఉందని సిగ్గుపడుతూ రాశావు. సిగ్గెందుకు తల్లీ? నగరంలోని ప్రైవేటు బడిలో నీకు తోటి ఉపాధ్యాయినులు ఉన్నారు, గ్రంథాలయం ఉంది, తెలుగు పాఠం చెబితే వెంటనే తలలూపే పిల్లలు ఉన్నారు. ఇక్కడ ఇద్దరు ఉపాధ్యాయులు, ఐదు తరగతులు, ఇంట్లో లంబాడీల గోర్ బోలి తప్ప మరో భాష వినని ఒకటో తరగతి పిల్లలు. పోయినదానికి బాధపడటం కృతఘ్నత కాదు. ఆ బాధ మీ అమ్మతోనో నాతోనో చెప్పుకో, బడిలో పిల్లల మీద మాత్రం పడనీయకు.

ఇక పైనుంచి వచ్చే మార్పుల సంగతి. రోజుకో యాప్, వారానికో నివేదిక అని విసుగ్గా రాశావు. నేను కొలువులో చేరిన కాలంలో ఏపీపీఈపీ అనే ప్రాథమిక విద్యా పథకం ఉండేది, తరువాత అటువంటిదే డీపీఈపీ వచ్చింది, ఆపై పిల్లల చదువు మెరుగుకని క్లిప్, క్లాప్స్, విద్యాహక్కు చట్టం, నిరంతర మూల్యాంకనమైన సీసీఈ వచ్చాయి, 2022లో చదవడం, రాయడం, లెక్కల పునాదికని తొలిమెట్టు వచ్చింది. 2016 అక్టోబరు 11న మన జిల్లాయే మూడు జిల్లాలైంది. నేరేడుగొమ్ము, కొండమల్లేపల్లి కొత్త మండలాలయ్యాయి. దస్త్రాలు ఏ కార్యాలయంలో ఉన్నాయో తెలియక చాలాకాలం తిరిగాం. ఇన్ని మార్పుల్లోనూ కుదురుగా పని చేసినవారి పద్ధతి ఒక్కటే గమనించాను. కొత్తగా వచ్చినదానిని తిట్టుకుంటూ నెలల తరబడి మోయకుండా, వచ్చిన మొదటి వారంలోనే పూర్తిగా నేర్చుకుని, దానికి రోజులో ఒక వేళ కట్టి, మిగిలిన వేళలోకి రానిచ్చేవారు కాదు. నీవు కూడా యాప్‌లో నింపవలసినవన్నీ మధ్యాహ్న భోజనం తరువాత ఒక్క అరగంటలో ముగించు. సిగ్నల్ అందకపోతే కాగితంపై రాసి పెట్టుకుని సాయంత్రం దేవరకొండలో ఎక్కించు. ఆ పథకాలన్నిటిలోనూ పిల్లవాడు చదవగలగడం, రాయగలగడం, లెక్క చేయగలగడం అన్న లక్ష్యం మారలేదు. నీ దృష్టి అక్కడ ఉంటే పేర్లు మారినప్పుడల్లా మనసు చెదరదు.

తండాతో నీకు ఏర్పడవలసిన బంధం గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే నీ ఉత్తరంలో దాని మాటే లేదు. పత్తి ఏరే కాలం రాగానే తల్లిదండ్రులతో పాటు పిల్లలు కూడా చేలకు పోతారు, నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు తమ్ముళ్లను చూసుకోవడానికి ఇంట్లో ఆగిపోతారు. ఆ నెలల్లో హాజరు నిలబెట్టేది తల్లులతో నీకున్న పరిచయమే. కాబట్టి వానాకాలంలోనే ఒక్కో సాయంత్రం ఒక్కో ఇంటికి వెళ్లి కూర్చో. శ్రావణంలో తీజ్ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతారు. పిలిస్తే తప్పకుండా వెళ్లు, ఫిబ్రవరి 15న లంబాడీల గురువు సేవాలాల్ జయంతికీ వెళ్లు. ఒకటో తరగతి పిల్లలను మొదటి నెలల్లో వారి మాటల్లోనే మాట్లాడనివ్వు. బొమ్మ చూపి వారి మాట వారిచేత చెప్పించి, దాని పక్కనే తెలుగు మాట చేర్చు. పెద్ద తరగతుల పిల్లలే నీకు దుబాసీలు. ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడిపేటప్పుడు ఒక తరగతికి చెబుతూ మరో తరగతికి రాతపని ఇవ్వడం అందరూ చేసేదే. దానితో పాటు ఐదో తరగతి పిల్లలచేత చిన్నవారికి చదివి వినిపించు. చదివే పిల్లకూ, వినే పిల్లకూ అది మేలు చేస్తుంది, నీ గొంతుకూ విరామం దొరుకుతుంది.

ఇప్పుడు నీ చదువు విషయానికి వస్తాను. పనిని, ఇంటిని, చదువును రోజూ సమానంగా పంచాలని నీవు వేసుకున్న కాలపట్టిక చూశాను. అందులో ఒక్క ఖాళీ గడి లేదు. పాపకు జ్వరం వచ్చిన మొదటి రోజే ఆ పట్టిక కూలిపోతుంది, కూలినప్పుడల్లా నిన్ను నీవు నిందించుకుంటావు. ఉపాధ్యాయురాలికి సమతూకం రోజులో దొరకదు, విద్యాసంవత్సరం మొత్తంలో దొరుకుతుంది. జూన్ 12 నుంచి బతుకమ్మ, దసరా సెలవుల దాకా బడికి ఎక్కువ ఇవ్వు, ఎందుకంటే చిన్న పిల్లలకు అక్షరాలు కుదురుకునేది ఆ నెలల్లోనే. పత్తి కాలంలో తండాకు ఇవ్వు. సంక్రాంతి తరువాత పుస్తకాలు బయటికి తీయి. ఈ ఏడాదిలాగే ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులుంటే ఆ రోజుల్లో అధిక భాగం నీ చదువుకే కేటాయించు. ఆ రోజుల్లో పాప నాయనమ్మ దగ్గర ఉన్నా ఎవరూ నొచ్చుకోరు. తక్కిన నెలల్లో రోజుకు ఒక గంట, పాప నిద్రపోయాక చదివితే చాలు, అది కూడా చదివినది మరచిపోకుండా ఉండటానికే.

ఈ లెక్కలో డిసెంబరులో జరిగే నెట్‌ను, అంటే జాతీయ అర్హత పరీక్షను, వదిలిపెట్టమంటున్నాను. ఏడాదికి రెండుసార్లు జరిగే పరీక్ష అది. ఒకసారి ఆగితే పోయేది ఆరు నెలలే. పైగా నెట్ మార్కులతోనే పీహెచ్‌డీ ప్రవేశాలు ఇచ్చే పద్ధతి 2024 జూన్ పరీక్ష నుంచి వచ్చింది, పరిశోధక వేతనమైన జేఆర్ఎఫ్ రానివారికి ఆ మార్కులు ప్రవేశానికి ఒక్క ఏడాదే చెల్లుతాయి. నీ రెండేళ్ల ప్రొబేషన్ 2026 అక్టోబరుకు గానీ నిండదు. చేరడానికి వీలులేని కాలంలో మార్కులు తెచ్చుకుని వాటి గడువు తీరిపోతుంటే చూస్తూ కూర్చోవడం కన్నా, 2026 వేసవి సెలవుల్లో గట్టిగా చదివి ఆ జూన్‌లో రాయడం మేలు. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2022 నిబంధనలు ఉద్యోగం చేస్తూనే పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ చేయడానికి వీలిచ్చాయి, దానికి పైఅధికారుల నుంచి నిరభ్యంతర పత్రం ఉండాలి. ప్రొబేషన్ ముగిశాక ఆ పత్రం అడగడం నీకూ సులువు, ఇవ్వడం వారికీ సులువు. పరిశోధన పూర్తికి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు అని ఉంది, స్త్రీలకు అదనపు సడలింపు కూడా ఉంది. నిన్ను ఇంతగా తరుముతున్న తొందర ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు.

లంబాడీ పాటల మీద పరిశోధన చేయాలనుకుంటున్నానని ఎంతో ఉత్సాహంగా రాశావు. నీవు పని చేస్తున్న చోటే ఆ పాటలు ఉన్నాయి, ఇంతకన్నా అదృష్టం ఏముంటుంది? అయితే మొదటి ఏడాది ఫోనులో రికార్డు చేయవద్దు. పాటలు విను, ఎవరు ఏ సందర్భంలో పాడుతున్నారో తెలుసుకో. నీవు తమ పిల్లల పంతులమ్మవన్న నమ్మకం కలిగాక అడిగి, ఒప్పుకుంటేనే రాసుకో. ఆ ఆడవాళ్లు నీ పరిశోధనకు ముడిసరుకు కారాదు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చిన్నప్పుడు నీవు చూశావు. 2017 చివరలో అందులో ఒక పెద్ద భాగం విరిగిపడ్డాక సందర్శకులను ఆపేశారు, చెదలు తొలిచిన కాండానికి 2018లో సెలైన్ సీసాలతో మందును చుక్కలు చుక్కలుగా ఎక్కించారు. కోలుకున్న ఆ మర్రిని 2024లో గానీ మళ్లీ జనానికి తెరవలేదు. ఈ ఒక్క విద్యాసంవత్సరం నీకు కూడా అటువంటి మూసివేత కావాలి. సంఘం బాధ్యతలు, ఆన్‌లైన్ కోచింగులు, దూరపు బంధువుల ప్రతి శుభకార్యం, ఇవన్నీ ఏడాదిపాటు ఆగవచ్చు. మన వాళ్లలో ఎవరైనా తప్పుపడితే నేను చెప్పుకుంటాను.

సెలవుల విషయంలో మొహమాటపడకు. మహిళా ఉపాధ్యాయులకు అదనంగా ఐదు సాధారణ సెలవులు ఉన్నాయి, పిల్లల సంరక్షణకు సర్వీసు మొత్తంలో 90 రోజుల సెలవు ఉంది. పాపకు ఒంట్లో బాగాలేనప్పుడు వాటిని వాడుకో, ప్రొబేషన్‌లో వాటి మంజూరు ఎట్లా ఉంటుందో మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయంలో ముందే కనుక్కో. జీతం వస్తోంది కదా అని నగరంలో ఫ్లాటు కొని పెద్ద ఈఎంఐ నెత్తిన పెట్టుకోవద్దని మీ నాన్నకూ, అల్లుడికీ కూడా చెబుతాను. ఆ వాయిదా కట్టవలసి వస్తే ఇష్టం లేని చోట ఉండిపోవాల్సి వస్తుంది, ఇష్టమైన చదువు ఆపుకోవాల్సి వస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా, పూర్తిగా ఒక విద్యాసంవత్సరం దగ్గర్లో ఉండి పని చేశాక కూడా, ఉదయం బడికి బయలుదేరేటప్పుడు మనసు వెనక్కే లాగితే అప్పుడు రాజీనామా మాట ఎత్తు, నేను అడ్డు చెప్పను. ప్రభుత్వ కొలువు వదిలారని లోకం నాలుగు రోజులు మాట్లాడుతుంది, ఆ మాటలకు భయపడి మూడు దశాబ్దాలు ఇష్టంలేని పని చేయమని నా బిడ్డకు నేను చెప్పలేను. కానీ ఆ నిర్ణయం నిద్ర చాలిన మనిషి చేయాలి.

ఆషాఢంలో ఇల్లు మారడం మీ అత్తగారికి నచ్చదు, శ్రావణం రాగానే మంచి రోజు చూడమను. ఈలోగా మీ నాన్నా నేనూ దేవరకొండ పోయి బస్టాండుకు దగ్గరలో రెండు మూడు ఇళ్లు చూసి పెడతాం. నీళ్లు ఏ వేళకు వస్తాయో, పక్కన పాపను కాసేపు చూసుకోగల కుటుంబం ఉందో లేదో, అల్లుడి పనికి ఇంటర్నెట్ అందుతుందో లేదో కనుక్కున్నాకే అడ్వాన్సు ఇస్తాం. నీకు అద్దె ఎంతవరకు వీలవుతుందో, పాపను ఏ అంగన్‌వాడీకో బడికో పంపాలనుకుంటున్నావో వెంటనే రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న