బీటీఎస్‌ను సొంతగడ్డ మీద చూడాలంటే ముందు వంత నేర్చుకోండి

ప్రశ్న ఇది: "బీటీఎస్ కచేరీని కొరియాలోనే, వాళ్ల సొంత జనం మధ్య స్టేడియంలో చూస్తే నిజంగా అంత తేడా ఉంటుందా? అంత ఖర్చు పెట్టి వెళ్లడం దండగ కాదా?"

దండగ కాదండి. అయితే ఆ తేడా స్టేజీ మీద వెతికితే దొరకదు. ఎక్కడ ఆడినా ఈ కొరియా పాప్ బృందంలోని అదే ఏడుగురు, ఇంచుమించు అవే పాటలు, అవే తెరలు. తేడా అంతా కుర్చీల్లో ఉంటుంది. వంత లేని బుర్రకథ ఎలా ఉంటుందో, కొరియా జనం లేని బీటీఎస్ కచేరీ అలా ఉంటుందని నా గట్టి నమ్మకం. కథ నడుస్తుంది కానీ ఊపు రాదు.

నమ్మకపోతే 2022 మార్చి 10, 12, 13 తేదీల్లో సియోల్ జామ్‌సిల్ ఒలింపిక్ స్టేడియంలో జరిగిన 'పర్మిషన్ టు డాన్స్ ఆన్ స్టేజ్' కచేరీలు గుర్తు చేసుకోండి. 2019 అక్టోబరులో అదే స్టేడియంలో ఆడాక, కొరియాలో అభిమానుల ఎదుట సొంత కచేరీ చేయడం వాళ్లకు అదే మొదటిసారి. దాదాపు 70 వేల మంది పట్టే చోట రోజుకు 15 వేల మందికే అనుమతి. కోవిడ్ నిబంధనలు: అరవకూడదు, పాడకూడదు, లేచి నిలబడకూడదు. నోటికి మాస్కు. గొంతుకు బదులుగా చేతికి మడతలు పెట్టిన అట్ట క్లాపర్ ఇచ్చారు. అరచేతికేసి కొడితే టపటపమంటుంది, అంతే.

మొదటి మూడు పాటలు 'ఆన్', 'ఫైర్', 'డోప్'. మూడూ జనం గొంతు కోసం చోటు వదిలిపెట్టి కట్టిన పాటలే. 'ఫైర్'లో "బుల్తావొరునే" అని స్టేడియం మొత్తం విరుచుకుపడాల్సిన చోట వేల అట్టలు ఒక్కసారిగా టపటపలాడాయి. దానికి మూడున్నర నెలల ముందు లాస్ ఏంజెలెస్ సోఫై స్టేడియంలో ఇదే మొదలు, ఇదే టూరు, చెవులు చిల్లులు పడే అరుపులు. అయినా ఆ రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి చూస్తే సియోల్ జనమే తాళం తప్పలేదనిపిస్తుంది. నోరు కట్టేసినా ఎక్కడ కొట్టాలో, ఎక్కడ ఆపాలో వాళ్లకు తెలుసు. అరుపు వేరు, వంత వేరు. కొరియాకు వెళ్లేవాళ్లు నేర్చుకోవాల్సింది రెండోది.

ఫ్యాన్‌చాంట్, అంటే పాట మధ్యలో అభిమానులు అందుకునే ఈ వంత, ఇష్టమొచ్చినట్టు కేకలు వేయడం కాదు. ముఖ్యమైన పాట విడుదలైనప్పుడు ఏ పదం జనానిదో చూపించే గైడ్ కూడా వస్తుంది. కంఠపాఠం చేయాల్సిన మొదటి ముక్క పేర్ల వరస: కిమ్ నమ్‌జున్, కిమ్ సొక్‌జిన్, మిన్ యున్‌గి, జంగ్ హొసొక్, పాక్ జిమిన్, కిమ్ తెహ్యంగ్, జన్ జంగ్‌గుక్, చివర బీటీఎస్. స్టేజీ పేర్లు కాదు, అసలు పేర్లు. సాధారణంగా పాట మొదట్లో గొంతులేని వాద్యం మీద వస్తాయి, ఒక్కో పేరుకూ పట్టే సమయం సమానం. విదేశీ అభిమానులు తప్పేది ఇక్కడే. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని చదవడం వల్ల ప్రతి పేరూ సాగిపోయి, ఐదో పేరుకు వచ్చేసరికి జనం ఏడో పేరు మీద ఉంటారు. కొరియా లిపి హంగుల్ అక్షరాలు నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు, అవి చూసి చదివితే సరిపోతుంది. లేదా తెలుగులో రాసుకోండి, ఇంగ్లిష్‌లో కంటే చాలా నయం. పాటను ముప్పావు వేగంతో పెట్టి పలికి, కుదిరాక మామూలు వేగంతో పలకండి. పాటలన్నీ అక్కర్లేదు. 'ఫైర్', 'డోప్', 'డీఎన్ఏ', 'ఫేక్ లవ్', 'బాయ్ విత్ లవ్' బాగా వస్తే మిగతావి పక్కవాళ్లను పట్టుకుని లాక్కురావచ్చు.

ఊరుకోవాల్సిన చోటు కూడా తెలియాలి. నెమ్మది పాటల్లో, వాళ్లు మాట్లాడేటప్పుడు కొరియా జనం నిశ్శబ్దంగా కూర్చుంటారు. పై అంతస్తులో లేచి నిలబడితే వెనకవాళ్లు మర్యాదగానే కూర్చోమంటారు. ఇక ఫోన్ల సంగతి. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో లైట్‌స్టిక్ (అభిమానులు ఊపే దీపం) పెట్టుకున్న మనిషి చప్పట్లు కొట్టలేడు, వీడియోలో తన గొంతు పడుతుందని నోరూ తెరవడు. అలాంటి వాళ్లు ఒక వరసలో పదిమంది ఉంటే ఆ వరస చచ్చినట్టే. అక్కడ చాలా కచేరీల్లో వీడియో తీయడం నిషేధం, సిబ్బంది వచ్చి డిలీట్ చేయిస్తారు కూడా. నిషేధం లేకపోయినా తీయకండి. మంచి వీడియోలు తర్వాత అధికారికంగా ఎలాగూ వస్తాయి.

తాళం గురించి ఇంకొక మాట. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. పరుగు ట్రాక్ ఉన్న స్టేడియంలో ఈ చివర గ్యాలరీ నుంచి ఆ చివర గ్యాలరీకి 170 మీటర్లకు తక్కువ ఉండదు, అంటే అర సెకను. 'డైనమైట్' నిమిషానికి 114 బీట్లు, ఒక్కో బీటుకు అర సెకనుకు కాస్త పైన. అందుకే అవతలి గ్యాలరీ చప్పట్లు మీ చెవికి ఇంచుమించు ఒక బీటు ఆలస్యంగా చేరతాయి. వాటిని పట్టుకుంటే మీరూ తప్పుతారు, మీ పక్కవాళ్లనూ తప్పిస్తారు. తెరను చూసి అనుసరించడమూ ప్రమాదమే, బొమ్మ వెంటనే వస్తుంది, ధ్వని తర్వాత వస్తుంది. మీకు దగ్గర్లో ఉన్న స్పీకర్ టవర్‌ను వినండి. దూరంగా కూర్చున్నప్పుడు పనికొచ్చే ఏకైక సూత్రం అదే.

ఇక లైట్‌స్టిక్. బీటీఎస్ అభిమానులను ఆర్మీ అంటారు, అందుకే వాళ్ల లైట్‌స్టిక్ పేరు ఆర్మీ బాంబ్. మూడో వెర్షన్‌కూ, మ్యాప్ ఆఫ్ ద సోల్ ఎడిషన్‌కూ మూడు ట్రిపుల్ ఏ బ్యాటరీలు కావాలి. కొత్త ఆల్కలైన్‌వి వేయండి, పాతవీ కొత్తవీ కలపొద్దు, ఇంకో మూడు జేబులో ఉంచుకోండి. యాప్‌లో బ్లూటూత్‌తో కలిపి సీటు నంబరు ఎక్కించడం హోటల్ గదిలోనే పూర్తి చేయండి. గేటు లోపల వేల పరికరాలు ఒకేసారి వెతుకుతుంటే మీది దొరకడం గగనం. కుదరకపోతే బయట సహాయ కౌంటర్ ఉంటుంది, దాని ముందు క్యూ కూడా ఉంటుంది. గ్యాలరీలో అక్షరాలు, అలలు వచ్చేది సీటు నంబరును బట్టే. స్నేహితురాలి పక్కన కూర్చోవాలని సీటు మారితే, ఊదా రంగు సముద్రం మధ్య మీది ఒక్కటే ఎర్రగా వెలుగుతుంది.

టికెట్ల దగ్గర చాలామంది ఓడిపోయేది వేగం లేక కాదు. అభిమానుల యాప్ వీవర్స్‌లో ఆర్మీ మెంబర్‌షిప్ కొంటారు, కానీ ముందస్తు అమ్మకానికి విడిగా నమోదు చేసుకోవాలన్నది మర్చిపోతారు. ఆ గడువు దాటితే మెంబర్‌షిప్ ఉన్నా లాభం లేదు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లు పోకుండా ఉండాలి, ఎందుకంటే చేతిపట్టీ ఇచ్చేచోట అసలు పాస్‌పోర్టే అడుగుతారు, జిరాక్స్ చెల్లదు. క్యూలో ఉండగా పేజీ రిఫ్రెష్ చేస్తే మళ్లీ తోక దగ్గరికి వెళ్తారు. సీట్ల పటంలో మిగిలిన ఊదా గడులను కొరియావాళ్లు ద్రాక్షపండ్లు అంటారు. ముందు వరస ద్రాక్ష కోసం మూడుసార్లు నొక్కేలోగా వెనక తోట మొత్తం ఖాళీ అయిపోతుంది. దొరికింది పట్టుకోండి. బ్లాకులో మాత్రం కొనొద్దు. కంప్యూటర్ ప్రోగ్రాములు వాడి కొన్న టికెట్లను ఎక్కువ ధరకు అమ్మితే ఏడాది దాకా జైలు లేదా కోటి వాన్ల దాకా జరిమానా అని 2024 మార్చి 22న చట్టమే అమల్లోకి వచ్చింది. పైగా పేరు కలవని టికెట్‌తో గేటు దాటలేరు.

నా అసలు బాధ వేరే ఉంది. ప్రపంచమంతా స్టేడియాలు నింపే బృందాలున్న నగరానికి ఇప్పుడు సరైన స్టేడియం లేదు. జామ్‌సిల్ 2023 నుంచి మరమ్మతుల్లో ఉంది. 66 వేల మంది పట్టే వరల్డ్ కప్ స్టేడియంలో ఫుట్‌బాల్ గడ్డి పాడవుతోందన్న గొడవతో మైదానం మీద సీట్ల అమ్మకాన్ని ఆపేశారు. గడ్డిని కాపాడాల్సిందే, కానీ దానికోసం ఇంకో వేదిక కట్టాలి కదా? దాంతో అందరూ పక్కనున్న గోయాంగ్ స్టేడియం మీద పడ్డారు. దాదాపు 41 వేల సీట్లు. 2025లో జీ-డ్రాగన్, కోల్డ్‌ప్లే, జె-హోప్, బ్లాక్‌పింక్, ఒయాసిస్ అందరూ అక్కడే. అయితే బీటీఎస్ నాయకుడు ఆర్ఎం (కిమ్ నమ్‌జున్) పెరిగిన ఇల్సాన్ ఆ గోయాంగ్‌లోనిదే, కాబట్టి అతని అభిమానులకు అదే అసలైన సొంతూరు. అక్కడ సీటు ఎంచుకునేటప్పుడు స్టేజీకి ఎదురుగా ఉన్న వైపైతే జాగ్రత్త. బ్లాక్‌పింక్ కచేరీకి ఎన్3 బ్లాకులో పెద్ద తెర అడ్డొచ్చి జనం స్టేజీ చూడలేకపోయారు, నిర్వాహకులు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

గోయాంగ్‌కు సబ్‌వే మూడో లైను చివరి స్టేషన్ దేహ్వా, సియోల్ నడిబొడ్డు నుంచి దాదాపు గంట. వేగంగా వెళ్లే జీటీఎక్స్-ఏ రైలు లైనులో కింటెక్స్ స్టేషన్‌కు వస్తే ఇరవై నిమిషాలు పట్టదు, నడక మాత్రం ఎక్కువ. ప్రయాణాలకు వాడే టీ-మనీ కార్డులో తిరుగు ఛార్జీ కూడా ముందే వేసుకోండి. కచేరీ వదిలాక స్టేషన్ మెషిన్ల ముందు నిలబడటం నరకం. నడక దారికి గూగుల్ మ్యాప్ అక్కడ సరిగా పనిచేయదు, నేవర్ మ్యాప్ పెట్టుకోండి. వానాకాలంలో గొడుగు కాదు, రెయిన్‌కోటు. గొడుగు తెరిస్తే వెనకవాళ్లకు ఏమీ కనిపించదు.

బుసాన్ సంగతి వేరు. జిమిన్, జంగ్‌కుక్‌ల ఊరు. 2022 అక్టోబరు 15న బుసాన్‌కు వరల్డ్ ఎక్స్‌పో రావాలన్న ప్రచారం కోసం అక్కడ ఉచిత కచేరీ పెట్టారు. మొదట లక్ష మందికి ఊరి శివార్లలోని ఇల్‌గ్వాంగ్ అన్నారు, దారులు, భద్రత సరిపోవని గొడవయ్యాక ఏషియాడ్ స్టేడియానికి మార్చారు. టికెట్ ఉచితమే, గదులు మాత్రం ఎన్నో రెట్లు పెరిగాయి, ముందే బుక్ చేసుకున్నవాళ్ల గదులను రద్దు చేసి ఎక్కువకు అమ్మినవాళ్లూ ఉన్నారు. ఇది అభిమానుల మీద పడి దోచుకోవడమే, ఇంకో మాట లేదు. అందుకే బుసాన్‌లో కచేరీ ప్రకటిస్తే టికెట్ కంటే ముందు ఉచితంగా రద్దు చేసుకునే గది ఒకటి పట్టండి. దొరక్కపోతే డేగు నగరంలో చూడండి, కేటీఎక్స్ హైస్పీడ్ రైల్లో గంటలోపే. బీటీఎస్‌లో షుగా (మిన్ యున్‌గి), వి (కిమ్ తెహ్యంగ్) ఇద్దరిదీ ఆ ఊరే. స్టేడియానికి బుసాన్ సబ్‌వే మూడో లైనులో స్పోర్ట్స్ కాంప్లెక్స్ స్టేషన్‌లో దిగాలి. ఆ రాత్రి డేగుకు చివరి రైలు సీటు కూడా టికెట్ చేతికొచ్చిన రోజే కొనేయండి.