పాల్మా 1528లో చనిపోతే టిషియన్ బొమ్మని ఎలా పూర్తిచేశాడు? (సమాధానం)

మీ బొమ్మల జాబితాలో పాల్మా 1528లో పోయాడని ఉంది, మరి వెనిస్ చిత్రకారుడు టిషియన్ చివర్లో వదిలేసిన బొమ్మని అతనెలా పూర్తిచేశాడు, 1528 అచ్చుతప్పా అని అడిగారు. మీరు పాల్మా అనే ఇద్దరు చిత్రకారుల్ని ఒకరిగా కలిపేశారు, 1528 అచ్చుతప్పు కాదు.

పాల్మా ఇల్ వెక్కియో, అంటే పెద్ద పాల్మా, 1528లో పోయాడు. పాల్మా ఇల్ జోవానె, చిన్న పాల్మా, ఆయనకి వరసకి మనవడు, పోయింది 1628లో. ఇద్దరి అసలు పేరూ యాకోపోనే, ఇద్దరూ వెనిస్‌లోనే పనిచేశారు, పైగా సరిగ్గా వందేళ్ల తేడా. అందుకే ఎవరైనా పొరబడతారు.

ఇప్పుడు ఇలా చేయండి:

1. టిషియన్ 1576 ప్లేగు రోజుల్లో చనిపోయాడు, 'పియెతా' (చనిపోయిన క్రీస్తుని ఒడిలో పట్టుకున్న మరియ బొమ్మ) అసంపూర్తిగా మిగిలింది. అప్పటికి పెద్ద పాల్మా పోయి 48 ఏళ్లు. కాబట్టి దాన్ని పూర్తిచేసింది చిన్న పాల్మానే.

2. అందరూ వదిలేసేది ఇదే: ఆ బొమ్మ మీది లాటిన్ రాత చదవండి. టిషియన్ మొదలుపెట్టి వదిలినదాన్ని పాల్మా భక్తితో ముగించి దేవుడికి అర్పించాడని ఉంటుంది. అక్కడ ఉన్నది ఒట్టి 'పాల్మా', పెద్దా చిన్నా అని లేదు! పేరు చూసి కాదు, ఏడాది చూసి తేల్చుకోవాలి. నాకైతే 'భక్తితో' అన్న ఆ మాట చాలా ఇష్టం, గురువులాంటివాడి చివరి పనిని ముట్టుకునేటప్పుడు అతనెంత జాగ్రత్తపడి ఉంటాడో అందులోనే తెలుస్తుంది.

3. మీ జాబితాలో సాంతా మరియా ఫార్మోసా చర్చిలోని సెయింట్ బార్బరా బొమ్మ పెద్ద పాల్మాకి, క్రోచిఫెరి ప్రార్థనా మందిరం బొమ్మలు, డోజె ప్యాలెస్‌ (వెనిస్ పాలకుడి భవనం)లోని 'తుది తీర్పు' చిన్న పాల్మాకి రాయండి.