ఒకే ఈతలో పుట్టిన రెండు కుక్కపిల్లల్ని తెచ్చాం, పిలిస్తే మా వైపు చూడట్లేదు

ప్రశ్న: సార్, మాకు 30 దాకా గొర్రెలు, కొన్ని కోళ్లు ఉన్నాయి. మంద దగ్గర కాపలాకి ఉంటాయని ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లల్ని తెచ్చాం, ఒకటి మగది, ఒకటి ఆడది. తెచ్చినప్పుడు 8 వారాలు, ఇప్పుడు 11 వారాలు. ఒకదాన్నొకటి అసలు వదలవు, మేం పిలిస్తే చెవిన పెట్టవు, ఒకదాన్ని పక్కకి తీసుకెళ్తే రెండోది ఒకటే ఏడుపు. కోళ్ల వెంట కూడా రెండూ కలిసే పడుతున్నాయి. ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చేయమని కొందరు, జంటగా ఉంటేనే మంచిదని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, తొందరపడి ఇచ్చేయొద్దు, అలాగని జంటగా వదిలేయనూ వద్దు. రోజులో ఎక్కువసేపు విడివిడిగా ఉండేలా ఇవాళ సాయంత్రం నుంచే వాటికి కొద్దికొద్దిగా అలవాటు చేయడం మొదలుపెట్టండి. 11 వారాలంటే ఇంకా చేతిలో ఉన్న వయసే, మీరు అడగాల్సిన టైంలోనే అడిగారు.

కుక్కపిల్లకి సుమారు 3వ వారం నుంచి 12, 14 వారాల దాకా ఒక టైం ఉంటుంది, ఎవరు నావాళ్లు, దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు అన్నది అప్పుడే మనసులో పడిపోతుంది. 1961లో అమెరికాలో ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అనే శాస్త్రవేత్తలు కుక్కపిల్లల్ని కంచె వేసిన పొలంలో పెంచి, ఒక్కో పిల్లని ఒక్కో వయసులో మనుషుల దగ్గరకి తెచ్చి చూశారు, 14 వారాల దాకా మనిషి చెయ్యే తగలని పిల్లలు దాదాపు అడవి జంతువుల్లా తయారయ్యాయి. మీ పిల్లలకి అంత ఇబ్బందేం లేదు, మీ చేతుల్లోనే తిరుగుతున్నాయి. కాకపోతే పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా తోబుట్టువు పక్కనే ఉంటే ఆటకి అదే, ధైర్యానికి అదే, ఇంక మనిషితో పనేముంది వాటికి? మీరు పిలిస్తే చూడకపోవడం మొండితనం కాదు, మీరు వాటికి ఇంకా ముఖ్యమైన మనిషి కాలేదు, అంతే.

దీన్ని ట్రైనర్లు లిట్టర్‌మేట్ సిండ్రోమ్ అంటుంటారు. పేరు విని కంగారు పడకండి, ఇది వెటర్నరీలో నిర్ధారించిన జబ్బేం కాదు, తోబుట్టువుల్ని కలిపి పెంచిన ప్రతి ఇంట్లో జరగాలనీ లేదు. ఒకే ఈత కాకపోయినా ఒకే వయసు పిల్లల్ని రెండింటిని కలిపి వదిలేస్తే ఇదే జరగొచ్చు, అంటే రక్తసంబంధం కన్నా మనం పెంచే పద్ధతి మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

ఇది నేను దగ్గరుండి అనుభవించిన సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా షెడ్డు దగ్గర అన్నదమ్ములైన రెండు కుక్కపిల్లల్ని పెంచాం, ముద్దుగా ఉన్నాయని ఎప్పుడూ విడదీయలేదు. ఏడాది నిండేసరికి ఒకదానికి కాలు విరిగి నాలుగు రోజులు వేరే చోట ఉంచాల్సొచ్చింది. ఇక్కడున్న రెండోది రెండు రోజులు ముద్ద ముట్టలేదు, గేటు గీకి గీకి గోళ్ల వెంట రక్తం కార్చుకుంది. దెబ్బ తగిలినదాని కన్నా దీన్ని చూసి నాకు ఎక్కువ బాధేసింది, ఎందుకంటే ఆ తప్పు పూర్తిగా మాది. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ముందు విడదీయడం నేర్పండి, మిగతావన్నీ తర్వాత అంటాను.

విడదీయడం అంటే ఒక్కసారిగా లాగేసి గదిలో పెట్టి తలుపేయడం కాదు, అలా చేస్తే భయం ఇంకా ముదురుతుంది. ముందు మధ్యలో జాలీ పెట్టి పక్కపక్కనే పడుకోబెట్టండి, ఒకదానికొకటి కనపడుతూ వాసన తగులుతూ ఉంటాయి కాబట్టి ఏడుపు తక్కువుంటుంది, నాలుగైదు రోజులకోసారి ఆ రెండు పడకల మధ్య దూరం కొంచెం కొంచెం పెంచుకుంటూ పోండి. పగలు మాత్రం ఒకదానికి నమలడానికి ఏదైనా ఇష్టమైంది ఇచ్చి రెండోదాన్ని రెండు నిమిషాలు కంటికి కనపడకుండా తీసుకెళ్లి, ఏడుపు మొదలవకముందే వెనక్కి తెచ్చేయండి. రెండు నిమిషాలు అయిదు అవుతాయి, అయిదు పదిహేను అవుతాయి, పిల్ల తట్టుకున్నంతే పెంచాలి, మనకి వీలుంది కదా అని పెంచకూడదు. ఏ రోజైనా బాగా ఏడ్చిందంటే మర్నాడు టైం సగానికి తగ్గించండి.

ట్రైనింగ్ కూడా ఒక్కోదానికి విడిగానే, రెండోది కనపడని చోట, అయిదేసి నిమిషాలు రోజుకి మూడు నాలుగు సార్లు చాలు. పేర్లు ఒకేలా వినపడకుండా పెట్టండి, రెండింటినీ ఎప్పుడూ కలిపి ఒకే పిలుపు పిలుస్తుంటే వాటికి తమ పేరేంటో తెలీదు. పేరు పిలిచి, చూడగానే చిన్న ముక్క తినడానికి ఇవ్వండి, ముందు ఇదొక్కటే చేయండి, కూర్చో, ఆగు లాంటివి తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో ఇద్దరున్నారనుకోండి, ఒక పిల్ల నీది ఒక పిల్ల నాది అని పంచేసుకోకుండా రోజు మార్చి రోజు మార్చుకోండి, లేకపోతే ఒక్కో పిల్ల ఒక్క మనిషి మాటే వింటుంది. బయటికి నడకకి తీసుకెళ్లడం కూడా విడిగానే. అప్పుడే ఇంకో సంగతి తెలుస్తుంది, ఎప్పుడూ ఒకటి ముందుంటుంది ఒకటి దాని వెనకాల ఉంటుంది, ముందున్నదాని చాటున రెండోదాని పిరికితనం మనకి కనపడదు. ఒంటరిగా తీసుకెళ్లినప్పుడు ట్రాక్టర్ శబ్దానికో కొత్త మనిషికో అది బిగుసుకుపోతే, లాగకుండా దూరంగా నిలబడి దాన్ని చూడనివ్వండి చాలు.

కలిసి ఆడుకోనివ్వండి, అది మానిపించొద్దు. రోజుకి రెండు మూడు సార్లు మీ కళ్ల ముందు. ఎప్పుడూ ఒకటే కింద పడుతుంటే పైనున్నదాన్ని పట్టుకోండి, కిందది లేచి మళ్లీ దాని మీదకే వెళ్తే అది ఆటే, దూరంగా పోతే ఆ రోజుకి ఆపేయండి. తిండి వేర్వేరు గిన్నెల్లో, ఒకదానికొకటి కనపడనంత ఎడంగా పెట్టాలి. ఏది సరిగ్గా తినట్లేదో అప్పుడే మనకి తెలుస్తుంది, పిల్లల్లో తిండి తగ్గడం అంటే చాలాసార్లు జబ్బుకి మొదటి గుర్తు.

ఇక మీ అసలు పని, కాపలా సంగతి. మందకి కాపలా ఉండాలంటే కుక్క గొర్రెల్ని తనవాళ్లు అనుకోవాలి. 1970ల చివర్లో అమెరికాలో రేమండ్, లోర్నా కాపింజర్ దంపతులు యూరప్, టర్కీ నుంచి కాపలా జాతి కుక్కల్ని తెచ్చి ఏళ్ల తరబడి రైతుల మందల్లో పెట్టి చూశారు, చిన్నప్పటి నుంచి గొర్రెల మధ్య పెరగడం ఎంత ముఖ్యమో ఆ పని బాగా బయటపెట్టింది. రెండు పిల్లల్ని కలిపి మందలో వదిలితే గొర్రెలతో చుట్టరికం కలవదు, వాటి ఆట వాటిది. పైగా నాలుగైదు నెలల వయసులో తరిమే ఆట మొదలవుతుంది, ఒక్క పిల్లైతే మధ్యలో విసుగొచ్చి వదిలేస్తుంది, రెండుంటే ఒకదాన్ని చూసి ఒకటి రెచ్చిపోయి అది వేటలోకి దిగుతుంది. కోళ్ల దగ్గర మీరు చూస్తున్నది దానికి మొదలే. అందుకని ఒక పూట ఒకదాన్ని, ఇంకో పూట ఇంకోదాన్ని, నెమ్మదస్తులైన పెద్ద గొర్రెల పక్కన జాలీ అవతల ఉంచండి, పొడిచే పొట్టేలు దగ్గర మాత్రం వద్దు, ఈ వయసులో తిన్న దెబ్బ జన్మంతా గుర్తుంటుంది. కోళ్ల దగ్గరకి తాడు లేకుండా వెళ్లనివ్వొద్దు, ప్రశాంతంగా కూర్చుంటే మెచ్చుకోండి. రెండింటినీ కలిపి మందలో మనిషి లేకుండా వదలడం దాదాపు రెండేళ్ల వయసు దాకా మర్చిపోండి. అన్ని జాతులకీ కాపలా గుణం రాదు, అయినా అలికిడికి మొరిగి మిమ్మల్ని లేపినా మీ మందకి అది పెద్ద సాయమే.

ఆరోగ్యం విషయంలో రెండింటినీ కలిపి ఒకటే లెక్క కట్టొద్దు. నట్టల మందు ఒక్కోదాన్ని తూకం వేసి దాని బరువుకి తగ్గట్టు ఇవ్వాలి, 8 వారాల దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల వయసు దాకా నెలకోసారి. గొర్రెలున్న ఇల్లు కాబట్టి టేప్‌వార్మ్ అనే రిబ్బను లాంటి నట్టకి మందు సంగతి కూడా డాక్టర్‌ని అడగండి, చచ్చిన గొర్రె తలకాయ, పచ్చి పేగులు వాటికి వేయకండి, గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరిగి పడిపోయే జబ్బు కుక్క పేగులో పెరిగే నట్ట వల్లే వస్తుంది. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బులకి టీకాలు మూడు నాలుగు వారాలకోసారి 16 వారాల వయసు వచ్చేదాకా పడాలి, రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, ఏడాదికి బూస్టర్. ఒకదానికి వాంతులు, రక్త విరేచనాలు మొదలైతే రెండోది బాగానే ఉంది కదా అని ఆగకండి, పార్వో అంటుకున్నాక సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులకి బయటపడుతుంది, రెండింటినీ అదే రోజు చూపించండి.

మీవి మగా ఆడా కాబట్టి ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఆడదానికి ఆరు నెలల నుంచే ఎద రావచ్చు, తోబుట్టువు అన్న వావి వాటికి ఉండదు. సొంత అన్నాచెల్లెళ్లకి పుట్టే పిల్లల్లో ఇన్‌బ్రీడింగ్, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే జన్యువు వచ్చే అవకాశం, 25 శాతం ఉంటుంది, దాగున్న జన్యు లోపాలు బయటపడే అవకాశం ఎక్కువ, పైగా ఎదుగుతున్న ఒంటికి చూలు భారం. అయిదో నెలలోనే డాక్టర్‌తో స్టెరిలైజేషన్, అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి మాట్లాడి ఏ వయసులో చేయించాలో తేల్చుకోండి, పెద్ద జాతులకి కొంచెం ఆగమంటారు. ఆపరేషన్ కాకముందే ఎదకొస్తే రక్తం చుక్క కనపడిన రోజు నుంచి నాలుగు వారాలు రెండింటి మధ్య గట్టి తలుపు ఉండాలి, జాలీ సరిపోదు. ఇద్దరు ఆడవో ఇద్దరు మగవో తెచ్చుకున్నవాళ్లు దీని బదులు కొట్లాటల మీద కన్నేయండి, ఏడాది దాటాక మొదలవుతుంటాయి, ఆడవాటి మధ్య కొట్లాట ఇంకా మొండిగా ఉంటుంది.

ఇదంతా చదివి ఇంత టైం మా దగ్గర లేదు అనిపిస్తే నిజాయితీగా అలాగే అనుకోండి, అందులో తప్పేం లేదు, అప్పుడు ఈ నెలలోనే ఒకదాన్ని బాగా చూసుకునే ఇంటికి ఇచ్చేయండి, ఇప్పుడైతే రెండూ త్వరగా సర్దుకుంటాయి. టైం ఉందంటే ఒక మూడు వారాలు నేను చెప్పినట్టు చేసి ఒక పరీక్ష పెట్టండి. ఆడ కుక్కపిల్లని కనపడనంత దూరం తీసుకెళ్లి మగదానికి గిన్నె పెట్టండి, మర్నాడు అటుది ఇటు. అయిదు నిమిషాల్లో తినడం మొదలుపెడితే మీరు సరిగ్గానే వెళ్తున్నారు. గిన్నె ముట్టకుండా తలుపు మీద పడుతుంటే ఆ అయిదు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసి పంపండి, చూసి ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.