కొట్టు వేళలు, ఐదు వందల పుస్తకాలు

పోయిన సంచికలో సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ గురించి నాలుగు మాటలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఎక్కువ మంది అడిగినవే తీసుకున్నాను.

ప్రశ్న: మాది మల్కాజిగిరిలో కిరాణా కొట్టు. డిగ్రీ చదువుతూ సాయంత్రాలు కొట్లో కూర్చుంటాను. కథలు రాయాలని చాలా ఉంది, టైమే దొరకదు. ఒక్క మనిషి ఐదు వందల పుస్తకాలు రాశాడంటే నమ్మబుద్ధి కావడం లేదు. నిజమేనాండీ?

జవాబు: ఆయన కూడా కొట్టు పిల్లాడే బాబూ. 1920లో రష్యాలోని పెట్రోవిచి అనే ఊళ్లో పుట్టారు, మూడేళ్లప్పుడు ఇంటిల్లిపాదీ అమెరికా వెళ్లిపోయారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో వాళ్ల నాన్న మిఠాయిలూ పత్రికలూ అమ్మే కొట్టు పెట్టారు. తెల్లారి ఆరింటికి తెరిస్తే అర్ధరాత్రి దాటాకే మూసేవారు, సెలవు మాటే లేదు. అసిమోవ్ బడికి వెళ్లే ముందు పేపర్లు వేసి, వచ్చాక కొట్లో కూర్చునేవారు. కొట్లో వేలాడే చవకబారు పత్రికలు ముట్టుకుంటే నాన్న ఊరుకునేవారు కాదు, కానీ ఒక పత్రిక పేరులో ‘సైన్స్’ అనే మాట ఉందని చూపించి తొమ్మిదేళ్ల వయసులో అనుమతి సంపాదించారు, అక్కడ మొదలైంది పిచ్చి. జీవితాంతం తాను ఆ కొట్టు వేళల్లోనే పనిచేశానని ఆయనే రాసుకున్నారు. పొద్దున్నే టైప్‌రైటర్ ముందు కూర్చోవడం, పండగైనా ఆదివారమైనా లేవకపోవడం, అంతే.

1938లో పద్దెనిమిదేళ్లప్పుడు మొదటి కథ పట్టుకుని ‘అస్టౌండింగ్’ పత్రిక సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ దగ్గరికి నేరుగా వెళ్లిపోయారు. ఆయన ఆ కథ వేసుకోలేదు, కానీ కూర్చోబెట్టి మాట్లాడి ఇంకా రాయమన్నారు. ఆ మరుసటి ఏడాది ‘అమేజింగ్ స్టోరీస్’లో అచ్చయిన మొదటి కథకి 64 డాలర్లు వచ్చాయి. ఆ మధ్యలోనే కొలంబియా యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివారు, 1948లో పీహెచ్‌డీ అయింది, బోస్టన్‌లో మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పారు. 1958లో పాఠాలు మానేసి పూర్తిగా రాతకి వచ్చేశారు.

ఇక లెక్క. మొదటి పుస్తకం 1950లో వచ్చింది, వందోది 1969లో, రెండు వందలోది 1979లో, మూడు వందలోది 1984లో. వేగం పెరుగుతూ పోవడం చూశారా? అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి: ఐదు వందల్లో ఇతరుల కథలు ఏరి కూర్చిన సంకలనాలు చాలా ఉన్నాయి, ముఖ్యంగా చివరి కాలంలో. అవి తీసేసినా మిగిలేది మామూలు రాశి కాదు. షేక్‌స్పియర్ మీద, బైబిల్ మీద, అంకెల మీద, రక్తం మీద కూడా రాశారు. టైపిస్టు లేరు, సెక్రటరీ లేరు, పుస్తకం చివర పదసూచిక కూడా తానే తయారుచేసుకునేవారు. ఒకసారి రాసి, ఒకసారి సరిచూసి పంపేయడమే పద్ధతి. వాక్యానికి నగలు తొడిగే ఆశ లేదు, చదివేవాడికి అర్థం కావాలి అనే ఒక్కటే పట్టుదల. మీ కొట్లో గిరాకీకి గిరాకీకి మధ్య పది నిమిషాలు దొరికితే ఆ పది నిమిషాలూ రాయండి, ఖాళీ సాయంత్రం కోసం ఎదురుచూడకండి.

ప్రశ్న: అంతరిక్షం అంతా తిప్పిన మనిషికి విమానం అంటే భయమట కదా! (సైదాబాద్)

జవాబు: అవును. జీవితంలో రెండు సార్లే ఎక్కారు. దూరం వెళ్లాలంటే రైలు, ఓడ.

ప్రశ్న: నేను మాదాపూర్‌లో ఏఐ టీమ్‌లో పనిచేస్తాను. మీటింగుల్లో ఎవరో ఒకరు అసిమోవ్ మూడు సూత్రాలు పెట్టేస్తే చాలు అంటుంటారు. సరిపోతాయా?

జవాబు: ఆ కథలు చదివినవాళ్లు ఆ మాట అనరు. సూత్రాలు తెలియనివాళ్ల కోసం: ఒకటి, రోబో మనిషికి హాని చేయకూడదు, చేతులు కట్టుకుని హాని జరగనివ్వకూడదు; రెండు, దానికి అడ్డు రానంతవరకు మనిషి మాట వినాలి; మూడు, ఆ రెంటికీ అడ్డు రానంతవరకు తనని తాను కాపాడుకోవాలి. ఈ మూడూ పూర్తిగా కనిపించిన కథ ‘రన్‌అరౌండ్’, 1942లో వచ్చింది. అందులోనే అవి మొరాయిస్తాయి. బుధగ్రహం మీద ఒక గుంటలోంచి సెలీనియం అనే మూలకం తెమ్మని రోబోకి చెప్తారు, ఆ ఆజ్ఞ గట్టిగా ఇవ్వలేదు, అక్కడేమో ప్రమాదం ఉంది, రోబో ఖరీదైనది కాబట్టి దానికి ఆత్మరక్షణ కాస్త ఎక్కువగా నూరిపోశారు. ఫలితం, అది ముందుకీ పోలేక వెనక్కీ రాలేక ఆ గుంట చుట్టూ తిరుగుతూ ఉంటుంది. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘లయర్!’ మీ టీమ్‌కి ఇంకా దగ్గర. మనసులు చదివే రోబో, నిజం చెప్తే మనుషులు బాధపడతారని, బాధ కూడా హానే అనుకుని, ఎవరికి నచ్చింది వాళ్లకి చెప్తూ పోతుంది. ఈరోజు చాట్‌బాట్‌తో పది నిమిషాలు మాట్లాడినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. ఆ కథలు సూత్రాలు ఎక్కడ తెగిపోతాయో వెతికే పరీక్షలు. మీటింగులో ఈ రెండు కథలూ చేతికివ్వండి.

ప్రశ్న: మా అమ్మాయి ఆయన అభిమాని. సభల్లో ఆడవాళ్లతో తప్పుగా ప్రవర్తించేవారని ఎక్కడో చదివి కుమిలిపోతోంది. అబద్ధమని చెప్పనా? (తార్నాక నుంచి ఒక తల్లి)

జవాబు: చెప్పకండమ్మా, అది నిజం. ఒకరిద్దరు అన్న మాట కాదు, సైన్స్ ఫిక్షన్ సభలకి వెళ్లిన ఆడవాళ్లు చాలామంది చెప్పారు. అనుమతి లేకుండా ముట్టుకునేవారు. చుట్టూ ఉన్న పెద్దమనుషులు నవ్వి వదిలేశారు, అదే నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది. ఆ కథలు ఇష్టపడినందుకు మీ అమ్మాయి సిగ్గుపడాల్సిన పని లేదు, ఆయన్ని వెనకేసుకు రావాల్సిన పనీ లేదు. బాధపడటం సరైనదే, పడనివ్వండి.

ప్రశ్న: ఎయిడ్స్‌తో పోయారని విన్నాను, నిజమా?

జవాబు: 1983లో గుండె బైపాస్ ఆపరేషన్ అప్పుడు ఎక్కించిన రక్తం ద్వారా హెచ్‌ఐవీ వచ్చింది. 1992 ఏప్రిల్ 6న చనిపోయారు. అప్పట్లో ఈ జబ్బు పేరు చెప్తే ఇంట్లోవాళ్లని కూడా దూరం పెట్టేవారు, డాక్టర్లు చెప్పొద్దన్నారు. భార్య జానెట్ పదేళ్ల తర్వాత, 2002లో బయటపెట్టారు.

ప్రశ్న: అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అసిమోవ్ ‘ఫౌండేషన్’ నవలల చివరి భాగాలు రెండు దొరికాయి. అవే మొదలెట్టనా?

జవాబు: వద్దు, పక్కన పెట్టండి. కథాకాలం ప్రకారం కాదు, అచ్చయిన వరుసలో చదవండి. రోమ్ సామ్రాజ్య పతనం చరిత్ర ఆధారంగా, లక్షల గ్రహాల సామ్రాజ్యం కూలిపోతుందని లెక్కల ద్వారా ముందే చెప్పిన శాస్త్రవేత్త కథ అది. 1951, 52, 53లలో వచ్చిన మొదటి మూడూ ముందు, 1982 నుంచి వచ్చినవి తర్వాత. 1988లో వచ్చిన ‘ప్రిల్యూడ్’ కథలో మొదటిదైనా ముందే చదివితే గుట్టు రట్టయిపోతుంది. మొదటి మూడు దొరికేలోపు ‘ఐ, రోబోట్’ తొమ్మిది కథలు కానివ్వండి. అదీ దొరక్కపోతే ‘ది లాస్ట్ క్వశ్చన్’ అనే ఒక్క కథ, తన కథల్లో ఆయనకి బాగా ఇష్టమైనది. ఒక్క బిగిన అయిపోతుంది. దయచేసి చివరి పేజీ ముందు తిప్పకండి.