ఫోన్‌లో ప్యాకేజ్ వేరు, పీసీలో ప్యాకేజ్ వేరు

ప్రశ్న: ఫ్రెండ్ ఫోన్ నుంచి ఒక యాప్ ఏపీకే (ఆండ్రాయిడ్‌లో యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైల్) పంపించుకున్నా. ఇన్‌స్టాల్ కొడితే ఒకసారి "ప్రాబ్లమ్ పార్సింగ్ ద ప్యాకేజ్" అనీ ఇంకోసారి ప్యాకేజ్ కాన్‌ఫ్లిక్ట్ అనీ వస్తోంది. పీసీలో చూస్తే విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజ్‌లు బోలెడు, టెంపరేచర్ చూపించే సాఫ్ట్‌వేర్‌లో సీపీయూ ప్యాకేజ్ అని ఇంకోటి. ఇవన్నీ ఒకటేనా?

జవాబు: కాదండి, నాలుగూ నాలుగు వేరే విషయాలు. ఏ ప్యాకేజ్ గురించి చెప్తోందో తెలీకుండా ఏదో ఒకటి డిలీట్ చేసేస్తారు చాలామంది, అక్కడే డేటా పోతుంది.

మొదటి ఎర్రర్‌కి అర్థం ప్యాకేజ్‌ని ఫోన్ చదవలేకపోయిందని, అందులో ప్యాకేజ్ అంటే ఆ ఏపీకే ఫైలే. అది నిజానికి ఒక జిప్ ఫైల్. దాన్ని పీసీలోకి కాపీ చేసి చివర ఏపీకే తీసేసి జిప్ అని పేరు మార్చి తెరిచి చూడండి, లోపల యాప్ వివరాలుండే మ్యానిఫెస్ట్, ప్రోగ్రామ్ కోడ్ ఉండే డెక్స్ ఫైళ్లు, బొమ్మలు ఉండే రెస్ ఫోల్డర్ అన్నీ కనిపిస్తాయి. తెరుచుకోలేదంటే ఫైల్ సగంలో ఆగిపోయి వచ్చినట్టే, మళ్లీ తెప్పించుకోండి. బాగానే తెరుచుకుంటే మాత్రం ఆ యాప్‌కి మీ ఫోన్‌లో ఉన్నదానికంటే కొత్త ఆండ్రాయిడ్ కావాలేమో చూడాలి.

ఇంకో సంగతి, 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లో పెట్టే కొత్త యాప్‌లు యాప్ బండిల్‌గానే (ముక్కలుగా విడదీయగలిగే ప్యాక్‌గా) ఇవ్వాలని గూగుల్ రూల్ పెట్టింది, దాంతో ఒక్కో ఫోన్‌కి దాని స్క్రీన్‌కీ ప్రాసెసర్‌కీ భాషకీ సరిపోయే ముక్కలు మాత్రమే దిగుతున్నాయి, ఫ్రెండ్ పంపింది అందులో బేస్ ముక్క ఒక్కటే అయితే మీ దగ్గర ఇన్‌స్టాల్ అవ్వదు, ఒకవేళ అయినా తెరవగానే మూసుకుపోవచ్చు. అందుకే నేరుగా ప్లే స్టోర్ నుంచి వేసుకోవడమే మంచిది.

కాన్‌ఫ్లిక్ట్ అన్నప్పుడు ప్యాకేజ్ అంటే ఫైల్ కాదు, యాప్‌కి ఉండే అసలు పేరు, కామ్ డాట్ కంపెనీ డాట్ యాప్ లాంటిది. అదే పేరుతో యాప్ ముందే ఉండి, కొత్తదాని డిజిటల్ సంతకం, అంటే తయారుచేసినవాళ్లు యాప్‌కి వేసే ముద్ర, వేరేగా ఉంటే ఆండ్రాయిడ్ ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మంచిది కూడా, లేకపోతే ఎవడో మార్చిన యాప్ మీ అసలు యాప్ మీద అప్‌డేట్‌లా కూర్చుని లోపలున్న డేటా మొత్తం చదివేస్తుంది. పాతది అన్‌ఇన్‌స్టాల్ చేస్తే కొత్తది ఎక్కుతుంది కానీ డేటా పోతుంది, పైగా సంతకం ఎందుకు మారిందో తెలీని యాప్‌ని, అందులోనూ బ్యాంకు యాప్‌ని, దయచేసి వేసుకోకండి.

పీసీలో ఉన్న విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజ్‌లు మీ గేమ్‌లూ సాఫ్ట్‌వేర్‌లూ వాడుకునే లైబ్రరీలు, అంటే రెడీమేడ్ కోడ్ ఫైళ్లు. 2008, 2010, 2013 ఇలా దేనికది విడిగా ఉంటుంది, ఒకటి ఇంకోదాని పని చెయ్యదు, 2015 నుంచి 2022 వరకు మాత్రం కలిపి ఒకటే. 32 బిట్‌కీ 64 బిట్‌కీ కూడా వేర్వేరు. స్పేస్ పెద్దగా తినవు, తీసేస్తే ఏ ప్రోగ్రామ్ ఆగుతుందో ముందే చెప్పలేం కాబట్టి అలాగే వదిలేయండి.

సీపీయూ ప్యాకేజ్ సాఫ్ట్‌వేరే కాదు, కోర్‌లన్నీ (లెక్కలు చేసే భాగాలు) ఉన్న ప్రాసెసర్ చిప్ మొత్తం. కోర్‌లకి విడివిడిగా కనిపించే టెంపరేచర్లలో ఎక్కువదానికి దగ్గరగానే దీని టెంపరేచర్ ఉంటుంది. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లు చాలావాటికి లిమిట్ 100 డిగ్రీల దగ్గర, కాబట్టి గేమ్ ఆడేటప్పుడు 80 కనిపిస్తే కంగారు అక్కర్లేదు, ఖాళీగా ఉన్నా అంతే చూపిస్తుంటే ఫ్యాన్‌లో దుమ్ము తీయించండి.