నీళ్లు ల్యాబ్‌కు పంపే ముందు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి,

నల్లగొండ నుంచి మామయ్య ఆశీస్సులు. బడి పక్క బోరు నీళ్లు వానలు పడ్డప్పటి నుంచి ఘాటుగా వాసన వస్తున్నాయని, పంచాయతీ వాళ్లు కూల్‌డ్రింకు సీసాలో నీళ్లు పట్టి హైదరాబాదు పంపుదామంటున్నారని రాశావు. ఆ సీసాను అక్కడే ఆపు బిడ్డా. నా ఉద్యోగమంతా నీళ్లు, మట్టి పరీక్షల్లోనే గడిచింది. అలా వచ్చిన సీసాలు చాలా చూశాను. వాటి మీద వచ్చిన రిపోర్టు ఎవరికీ పనికిరాదు, డబ్బు మాత్రం పోతుంది.

అసలు సంగతి ముందే చెబుతాను. నీళ్లలో ఏముందో చూసి చెప్పమంటే ల్యాబ్ చెప్పలేదు. ఫలానా పదార్థం ఉందా, ఉంటే ఎంత ఉందని అడిగితే చెబుతుంది. మన జిల్లాలో నీటి పరీక్ష అంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఫ్లోరైడ్, నైట్రేట్, టీడీఎస్ హద్దులో ఉన్నాయని కాగితం వస్తే ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. ఆ కాగితంలో పురుగుమందుల ఊసు ఉండదు, ఫ్యాక్టరీల్లో రసాయనాలను కరిగించడానికి వాడే సాల్వెంట్ల ఊసు అంతకన్నా ఉండదు. ఊళ్లలో వాడే టెస్ట్ కిట్లూ అంతే. టీడీఎస్ మీటరు కరిగిన లవణాలను కొలుస్తుంది, మందు జాడ దానికి తెలియదు. ఇక ఆర్వో మిషన్లు అమ్మేవాళ్లు నీళ్లలో రెండు కడ్డీలు పెట్టి కరెంటు ఇచ్చి, గోధుమ రంగు మడ్డి తేలగానే విషం చూడండి అంటారు. అది ఆ ఇనుప కడ్డీ కరిగి వచ్చిన తుప్పు. పిల్లల తల్లులను భయపెట్టి చేసే ఈ వ్యాపారం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీ ఊళ్లో ఎవరైనా ఆ ప్రదర్శన పెడితే నలుగురిలో ఈ మాట చెప్పు.

హైదరాబాదు పక్కన మందుల ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు సంగతి గుర్తు చేస్తాను. అక్కడి ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. నీటి మురికిని మొత్తంగా చూపడానికి మామూలుగా కొలిచే బీవోడీ, సీవోడీ అంకెలు చూస్తే ఆ మందు పేరు తెలియదు. వాళ్లు దాని కోసమే వెతికారు కాబట్టి దొరికింది.

అందుకే సీసా కంటే ముందు నోటుబుక్కు తియ్యి. బోరు ఎన్ని అడుగుల లోతు, కేసింగ్ ఎంత దాకా దించారు, వాసన ఏ నెలలో మొదలైంది, ఏ వాన తర్వాత పెరిగింది, అన్నీ రాసుకో. ఎగువన ఏ పంటలు ఉన్నాయో నడిచి చూడు. పత్తి చేనా, బత్తాయి తోటా, వరి మడా? రైతులను దబాయించకుండా ఏ మందులు కొట్టారో అడుగు, గట్టు మీద పడేసిన ఖాళీ డబ్బాలను ఫొటో తియ్యి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు, కింద చిన్న అక్షరాల్లో అసలు రసాయనం పేరు ఉంటుంది. ల్యాబ్‌కు కావలసింది ఆ చిన్న అక్షరాలే. స్ప్రే ట్యాంకు ఎక్కడ కడుగుతున్నారో తప్పకుండా చూడు. బోరు పక్కనే మందు కలిపి, డబ్బాలు అక్కడే కడిగితే చేను మొత్తం మీద చల్లిన దానికన్నా అదే ఎక్కువ చేటు. ఎగువన ఫ్యాక్టరీ ఉంటే, పర్యావరణ అనుమతి కోసం ఇచ్చిన నివేదికల్లో ఏం తయారు చేస్తారో, ఏ సాల్వెంట్లు వాడతారో ఉంటుంది. కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ వెబ్‌సైట్‌లో వెతుకు.

ఈ జాబితా చేతిలో పెట్టుకుని ల్యాబ్‌కు ఫోను చెయ్యి. ల్యాబ్‌లను పరిశీలించే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉందా అని అడిగి ఊరుకోకు. ఆ గుర్తింపు ఒక్కో పరీక్షకు విడివిడిగా ఇస్తారు. నీటిలో ఈ మందుకు ఉందా, మట్టిలో ఉందా అని అడుగు. వందల మందులు ఒకేసారి చూస్తామని చెప్పే పరీక్షలో గ్లైఫోసేట్, పారాక్వాట్ అనే కలుపు మందులు సాధారణంగా ఉండవు, వాటికి వేరే పద్ధతి కావాలి. కొన్ని మందులు నేలలో మరో రూపంలోకి మారతాయి. ఎండోసల్ఫాన్‌ను 2011లోనే సుప్రీంకోర్టు ఆపించింది, పాత జాడ వెతకాలంటే ఎండోసల్ఫాన్ సల్ఫేట్‌ను కూడా చూడమనాలి. ఎంత తక్కువ దాకా కొలవగలరో కూడా అడుగు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మోనోక్రోటోఫాస్ లీటరుకు 1 మైక్రోగ్రాము దాటకూడదు, క్లోర్‌పైరిఫాస్ 30 దాటకూడదు. వాళ్ల యంత్రం 5 కన్నా తక్కువ చూడలేకపోతే, మోనోక్రోటోఫాస్‌కు బీడీఎల్ (కొలవగలిగిన హద్దు కన్నా తక్కువ) అని వచ్చినా మనకు ధైర్యం లేదు. దొరకలేదంటే లేదని అర్థం కాదు.

లీటరుకు ఒక మైక్రోగ్రామంటే పది లక్షల లీటర్లలో ఒక్క గ్రాము. ఇంత సూక్ష్మంగా వెతికేటప్పుడు చేతికి రాసుకున్న దోమల క్రీము కూడా లెక్కలోకి వస్తుంది. నమూనా తీసే రోజు క్రీములు, అత్తరు వద్దు. బండి స్టార్ట్ చేసి పక్కన పెట్టవద్దు, పెట్రోలు పోయించుకున్న చేతితో సీసా ముట్టవద్దు. పైపు కొత్తగా అతికించి ఉంటే ఆ పీవీసీ గమ్ములోని సాల్వెంట్లే నీళ్లలో కనబడతాయి, ఆ సంగతి కూడా రాసిపెట్టు. లేబుళ్లు ముందే రాసి అంటించు, సీసాల దగ్గర మార్కర్ పెన్ను వాడకు.

సీసాలు ల్యాబ్ నుంచే తెప్పించు. పురుగుమందులకు ముదురు గోధుమ రంగు గాజు సీసా, మూత లోపల టెఫ్లాన్ పొర ఉండాలి. ప్లాస్టిక్ కొన్ని మందులను పీల్చుకుంటుంది, తనలోని రసాయనాలను నీళ్లలోకి వదులుతుంది. సీసాను బోరు నీళ్లతో కడగకు, నమూనా చెడకుండా వాళ్లు అడుగున వేసిన రసాయనం ఉండవచ్చు. ట్యాంకు దగ్గర కాకుండా బోరు మూతి దగ్గరే పట్టు. మోటారు పదిహేను నిమిషాలు నడిచాక, పైపులో నిలిచిన నీరు పోయాక పట్టు.

సాల్వెంట్ల కోసం 40 మిల్లీలీటర్ల చిన్న సీసాలు ఇస్తారు. వాటి దగ్గర ఓపిక కావాలి. ధార సన్నగా పెట్టి, సీసాను వంచి, లోపలి గోడ మీదుగా నీళ్లు జారనివ్వు. నురగ రాకూడదు, పొంగి పొర్లకూడదు. నీళ్లు అంచు మీద ఉబ్బెత్తుగా నిలిచినప్పుడు మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టు. చిన్న గాలి బుడగ పైకి లేచినా అది పనికిరాదు, వేరే సీసా తీసుకో. వెతికే సాల్వెంటు ఆ బుడగలోకే వెళ్లిపోతుంది.

ఒక్క బోరుతో సరిపెట్టకు. మన దగ్గర అడుగున గ్రానైటు రాయి, నీరు పగుళ్ల వెంట నడుస్తుంది. పక్కపక్క బోర్లలో కూడా నీరు వేరుగా ఉండవచ్చు. అనుమానం లేని ఎగువ బోరు ఒకటి తప్పక తియ్యి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. ల్యాబ్ ఇచ్చిన శుద్ధజలాన్ని కూడా అదే పెట్టెలో తీసుకెళ్లి తీసుకురా. అందులోనూ ఏదైనా కనబడితే అది దారిలో కలిసిందన్నమాట.

మట్టి సంగతి. సాయిల్ హెల్త్ కార్డు పోషకాలు చెబుతుంది, విషాలు చెప్పదు. ఆ పరీక్షకు మట్టిని ఆరబెట్టి సంచిలో పంపుతారు, దీనికి ఆ రెండూ వద్దు. పైన చెత్త తీసేసి, పదిహేను సెంటీమీటర్ల లోతు దాకా స్టీలు పనిముట్టుతో తీసి, స్టీలు గిన్నెలో కలిపి గాజు సీసాలో నింపు. సాల్వెంట్లకైతే కలపడం కూడా వద్దు, తీసింది తీసినట్టే నింపాలి.

అన్నీ ఐసు పెట్టెలో, నాలుగు డిగ్రీల దగ్గర ఉండాలి. పురుగుమందుల కోసం తీసిన నీటి నమూనా నుంచి సాధారణంగా ఏడు రోజుల్లోపు ల్యాబ్‌లో మందును వేరు చేసి తీయాలి. కాబట్టి సోమవారం పొద్దున తీసి అదే రోజు మనిషి చేత పంపు. శనివారం తీస్తే ఆదివారమంతా ఐసు కరుగుతూ కూర్చుంటుంది.

రిపోర్టు వచ్చేదాకా ఆ బోరు నీళ్లు పిల్లలకు ఇవ్వకండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టి పెట్టండి. కాచి తాగవచ్చు కదా అని పెద్దవాళ్లు అంటారు. కాస్తే క్రిములు చస్తాయి గాని చాలా మందులు పోవు, నీరు ఆవిరై అవి ఇంకా చిక్కబడతాయి. పటిక, సున్నం వేసే మన నల్లగొండ పద్ధతి ఫ్లోరైడ్ కోసం పుట్టింది, కరిగిన పురుగుమందుకు దాన్ని నమ్ముకోవద్దు.

ఫ్యాక్టరీ మీద అనుమానం నిజమైతే, దాని వ్యర్థజలం నమూనాను కోర్టులో చూపాలంటే 1974 నీటి చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అధికారే తీయాలి. ఫ్యాక్టరీ వాళ్లకు నోటీసిచ్చి, వాళ్ల ఎదుట రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకం చేయాలి. మనం తీసిన బోరు నమూనా ఆ అధికారిని ఊరికి రప్పించడానికి. అర్జీతోపాటు ఎగువ బోరు ఫలితం, పెట్టెలో వెళ్లి వచ్చిన శుద్ధజలం సీసా ఫలితం కూడా జతచెయ్యి. అర్జీ ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న ప్రతి నీ దగ్గర ఉంచుకో.

మందుల జాబితా తయారవగానే ఫొటో తీసి నాకు పంపు. ల్యాబ్‌తో మాట్లాడే ముందు ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య