కెమిస్ట్రీ మానేయాలా అని అడిగిన సోదరికి

ప్రశ్న: నాకు 33 ఏళ్ళు. ఇంటర్లో సీఈసీ, తర్వాత బీకాం చదివాను. మా వారి ఉద్యోగ వీసాతో పాటు భార్యకు ఇచ్చే హెచ్-4 వీసా మీద కాలిఫోర్నియా వచ్చి మూడేళ్ళయింది. ఆరేళ్ళ పాప ఉంది. ఈ సెమిస్టర్‌లో ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో బిజినెస్, కెమిస్ట్రీ ప్రాథమిక కోర్సుల్లో చేరాను. నర్సింగ్ చదవాలని ఆశ. అది కుదరకపోతే చీరల వ్యాపారం చేసుకోవచ్చని బిజినెస్ కూడా తీసుకున్నాను. బిజినెస్‌లో మంచి మార్కులే వస్తున్నాయి. కెమిస్ట్రీ మొదటి పరీక్షలో మాత్రం 52 శాతం వచ్చింది. మా వారికి 75 అని చెప్పాను. "బీకాం చదివి మళ్ళీ బిజినెస్ ఎందుకు? ఈ పదో తరగతి కెమిస్ట్రీ ఎందుకు? డబ్బు దండగ" అంటారు ఆయన. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన అత్తయ్యగారు "ఈ వయసులో చదువులేమిటి" అంటున్నారు. రాత్రి అందరూ పడుకున్నాక ఓ గంట పుస్తకం పడతాను. కెమిస్ట్రీ మానేయమంటారా?

జవాబు: వద్దు, మానేయకండి. కనీసం ఆ పరీక్ష పేపరు పట్టుకుని ప్రొఫెసర్‌ను కలిసేదాకా ఆ మాట తలపెట్టకండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట 52 కాదు, "రాత్రి ఓ గంట" అన్నది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో కోర్సు ఎంత పెద్దదో యూనిట్లలో చెబుతారు, ఒక యూనిట్ అంటే వారానికి సుమారు మూడు గంటల పని అని లెక్క. బిజినెస్‌కు మూడు యూనిట్లు, ల్యాబ్‌తో కలిపి కెమిస్ట్రీకి నాలుగు అనుకుంటే వారానికి 21 గంటలు. అందులో క్లాసులకు, ల్యాబ్‌కు తొమ్మిది గంటలు పోతాయి. మిగిలిన 12 గంటలు ఇంట్లో కూర్చుని చదవాలి. మీకు దొరుకుతున్నది వారానికి ఏడు గంటలు, అందులో సగానికి కాస్త ఎక్కువ, అది కూడా ఇంటి చాకిరీ అంతా ముగిసి కళ్ళు మూతలు పడే వేళ. ఆ కాస్త సమయంతోనే బిజినెస్‌లో మంచి మార్కులు తెచ్చుకుంటున్నారు. కెమిస్ట్రీలో వెనకబడ్డారంటే తెలివి తక్కువై కాదమ్మా, సమయం చాలక.

ఇంకో సంగతి. సీఈసీ తీసుకున్నవారు పదో తరగతితోనే కెమిస్ట్రీకి దూరమవుతారు. అంటే మీరు 17, 18 ఏళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు. అది కూడా ఇంగ్లిష్‌లో, గంట కొట్టేలోగా రాయాల్సిన పరీక్షతో. ఇంటర్లో ఎంపీసీ చదివిన వారికి ఇది చిన్న కోర్సులా కనిపించవచ్చు. కానీ అసలు ఆ కోర్సు పెట్టిందే మీలాంటి వారి కోసం. కెమిస్ట్రీ బొత్తిగా చదవనివారు, చదివి మరిచిపోయినవారు జనరల్ కెమిస్ట్రీకో నర్సింగ్‌కు ముందు కావలసిన సైన్సు కోర్సులకో సిద్ధపడడానికే అది. చాలా కాలేజీల్లో మైక్రోబయాలజీ వంటి కోర్సులకు వెళ్ళాలంటే ముందు కెమిస్ట్రీ పూర్తి చేసి ఉండాలి. కాబట్టి నర్సింగ్ మీద ఆశ ఉన్నంతవరకు ఇది దండగ కాదు.

ఆ పేపరులో మార్కులు ఎక్కడ పోయాయో చూసుకున్నారా? ప్రొఫెసర్లు విద్యార్థుల కోసమే వారంలో కొన్ని గంటలు కేటాయిస్తారు. మొహమాటపడి ఎక్కువమంది వెళ్ళరు, మీరు వెళ్ళండి. తప్పులు భావనల్లోనా, గ్రాములు, మిల్లీగ్రాముల వంటి కొలతల యూనిట్లు మార్చడంలోనా అని నేరుగా అడగండి. ఈ కోర్సులో మొదటి పరీక్షకు చాలామందిని దెబ్బతీసేది ఈ కొలతల యూనిట్లే. మాత్రలో ఉన్న మందు 0.5 గ్రాములు, డాక్టరు రాసింది 250 మిల్లీగ్రాములు, ఎంత మాత్ర ఇవ్వాలి? సగం. నర్సుగా మీరు రోజూ చేయబోయే లెక్క ఇదే. సమీకరణాలు తుల్యం చేయడం కష్టంగా ఉందంటే మీరు బీకాంలో వేసిన ట్రయల్ బ్యాలెన్స్‌ను గుర్తు తెచ్చుకోండి. హైడ్రోజన్ అణువులు రెండు, ఆక్సిజన్ అణువు ఒకటి కలిస్తే నీటి అణువులు రెండు వస్తాయి. ఎడమవైపు హైడ్రోజన్ పరమాణువులు నాలుగు, ఆక్సిజన్ పరమాణువులు రెండు, కుడివైపూ అంతే. ఒక్కటి తేడా వచ్చినా లెక్క తప్పినట్టే. డెబిట్, క్రెడిట్ సరిచూసిన కళ్ళకు ఇది కొత్తేమీ కాదు. దాదాపు ప్రతి కాలేజీలో ఉచిత ట్యూటరింగ్ కేంద్రం ఉంటుంది, దాన్ని కూడా వాడుకోండి.

ఇక ఆ 75 సంగతి. ఆయనకు తెలిసిపోతుందేమోనని మీరు భయపడుతూ ఉండవచ్చు. విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం మీ అనుమతి లేనిదే కాలేజీ మీ మార్కులు భర్తకు చెప్పకూడదు, ఫీజు ఆయనే కట్టినా సరే. కాబట్టి ఆయనకు చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ చేతిలో ఉంది. చెప్పమనే నా సలహా. ఎందుకంటే ఆ అబద్ధం ఉన్నంతకాలం మీరు ఆయన దగ్గర సమయం అడగలేరు. 75 వస్తున్న మనిషికి ఇంకా సమయం ఎందుకు అంటారు. పాప నిద్రపోయాక, ఆయన ఫోను పక్కన పెట్టిన వేళ చూసి, "ఏమండీ, ఆ రోజు 75 అన్నాను కానీ వచ్చింది 52. మీరేమంటారోనని భయపడ్డాను. నాకు చదువుకోవడానికి టైము చాలడం లేదు" అని ఈ మూడు మాటలూ చెప్పండి. ఆయన కోప్పడవచ్చు. ఆ కోపం చల్లారనివ్వండి, ఎదురు వాదించవద్దు. కానీ అడగదలచుకున్నది మానుకోవద్దు. వారంలో రెండు సాయంత్రాలు, శనివారం పొద్దున నాలుగు గంటల సేపు, ఆ సమయంలో మీరు లైబ్రరీలో, పాప ఆయన దగ్గర. "సాయం చేయండి" అని ఊరుకుంటే ఏ మగవాడికీ ఏం చేయాలో తోచదు. రోజు, గంట చెప్పి అడగండి.

డబ్బు దండగ అన్నారు కదా, మీ రసీదు చూపించండి. రాష్ట్రంలో స్థిరనివాసం ఉన్నవారికి యూనిట్‌కు 46 డాలర్లు. ఏడు యూనిట్లకు 322, పైన చిన్నచిన్న రుసుములు, పుస్తకాలు. ఒకవేళ మీ దగ్గర నాన్ రెసిడెంట్ ఫీజు వసూలు చేస్తూ ఉంటే, అది ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి వెంటనే అడ్మిషన్స్ ఆఫీసులో మాట్లాడండి. హెచ్-4 వీసా ఉన్నవారు కూడా ఏడాదికి పైగా ఇక్కడే నివాసమున్నట్టు కాగితాలు చూపితే రెసిడెంట్ ఫీజుకు అర్హులవుతారు.

అత్తయ్యగారితో వాదన పెట్టుకోకండి. ల్యాబ్ ఉన్న సాయంత్రం పాపకు అన్నం పెట్టే పని ఆవిడకు అప్పగించండి. మనవరాలితో గడిపే పని కాబట్టి కాదనరనే నా నమ్మకం.

ఇంత చేసినా రెండో పరీక్ష కూడా పోతే అప్పుడు ఆలోచిద్దాం. సెమిస్టర్‌లో సుమారు ముప్పాతిక వంతు గడిచేదాకా 'డబ్ల్యూ'తో (విత్‌డ్రా, అంటే మధ్యలో మానుకున్నట్టు గుర్తు) కోర్సు నుంచి తప్పుకోవచ్చు. మీ కాలేజీ క్యాలెండర్‌లో ఆ తేదీ చూసి ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. 'డబ్ల్యూ' జీపీఏను, అంటే గ్రేడ్ల సగటును తగ్గించదు, ఫెయిలైతే వచ్చే 'ఎఫ్' తగ్గిస్తుంది. నర్సింగ్‌కు ముందు చదివే కోర్సుల్లో మామూలుగా కనీసం 'సి' ఉండాలి. ఒకే కోర్సును మళ్ళీ మళ్ళీ తీసుకోవడానికి కూడా పరిమితి ఉంది, 'డబ్ల్యూ' వచ్చినా అది ఒక ప్రయత్నం కిందే లెక్క. అందుకని ఆ తేదీకి ముందు కాలేజీలో ఉండే అకడమిక్ కౌన్సిలర్‌తో ఒకసారి మాట్లాడి నిర్ణయించుకోండి.

చివరగా చీరల వ్యాపారం. హెచ్-4 మీద ఎంతైనా చదువుకోవచ్చు, కానీ పని అనుమతి పత్రం లేకుండా సంపాదించకూడదు. వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టి పదిమందికి లాభానికి అమ్మినా అది వ్యాపారమే. ఇక్కడ చాలామంది ఆడవాళ్ళు దీన్ని కాలక్షేపం అనుకుని చిక్కుల్లో పడే ప్రమాదం ఉంది. భర్తకు ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, మంజూరయి ఉంటే హెచ్-4 భార్య పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చని 2015లో నిబంధన వచ్చింది. మీ వారిది మంజూరయిందో లేదో మీరు రాయలేదు. 52 గురించి చెప్పే రోజే అది కూడా అడగండి.